కాలు కింద పెట్టని మనిషి

ఒక ఊళ్ళో పాత సైకిళ్ళకు వాటి పాత రోజు తిరిగి ఇచ్చే మనిషి ఒకడు ఉండేవాడు. ఊరు అతన్ని సైకిళ్ళాయన అనేది. అది అతనికి కూడు పెట్టే పని కాదు. చక్కెర మిల్లులో చెరకు బళ్ళు తూచే ఉద్యోగం చేసి, వయసై దిగిపోయాక, పొద్దుపోక మొదలుపెట్టిన పని. కొన్నాళ్ళకు ఆ పని లేకపోతే పొద్దుపోని స్థితికి వచ్చాడు.

ఇంటి వెనక రేకుల పంచ ఉండేది. అందులో కిరసనాయిలు డబ్బా, రెండు రెంచీలు, ఇత్తడి గంటలు తోమడానికి చింతపండు, కోసి పెట్టుకున్న పాత ట్యూబు ముక్కలు. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి, ఒక్కో స్పోకును గోటితో మీటి వినేవాడు. వదులుగా ఉన్నది మొద్దుగా పలుకుతుంది, బిగువుగా ఉన్నది సన్నగా పలుకుతుంది. అన్నీ ఒక్కలాగే పలికేదాకా అన్నానికి లేచేవాడు కాదు.

ఇంత తెలిసినవాడికి సైకిలు తొక్కడం రాదు. నవ్వొచ్చే మాటే గాని నిజం. చిన్నప్పుడు అతని ఇంట్లో సైకిలు లేదు. తోటివాళ్ళు నేర్చుకుంటుంటే పడిపోకుండా వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవాడు. వాళ్ళకు వచ్చాక వాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. అతను రొప్పుతూ రోడ్డు మీద ఉండిపోయాడు. ఆ రొప్పు ఇంకా తీరలేదని ఎవరికీ చెప్పలేదు.

ఎవరైనా పాత సైకిలు నడిపించుకుని వస్తే అతను అడిగేది ఒకటే మాట.

“ఏ రోజు నాటికి చెయ్యమంటావు?”

కొత్తదానిలా చెయ్యమంటే ఒప్పుకునేవాడు కాదు. “కొత్తది కొట్లో దొరుకుతుంది, అక్కడికి పో” అనేవాడు. రోజు చెప్పాలి. ఆ రోజున సైకిలు ఎలా ఉందో పూస గుచ్చినట్టు చెప్పాలి. గంట మూత ఉందా, ఊడిందా. హ్యాండిల్‌కు చుట్టిన ప్లాస్టిక్ తీగ ఏ రంగుది. ఎన్ని స్పోకులు విరిగాయి. మడ్‌గార్డు మీద సొట్ట కుడివైపా, ఎడమవైపా. అన్నీ విని, ఉన్న మంచివాటిని తీసేసి, లేని సొట్టలు పెట్టి, ఆ రోజున ఎలా ఉందో అలాగే చేసి ఇచ్చేవాడు.

ఆ సైకిలెక్కి తొక్కినవాడికి ఆ రోజు తిరిగి వచ్చేది. ఎలా అని అడక్కండి. అతనికీ తెలియదు. పెడలు మీద కాలు వేసి కదిలితే ఆ రోజు మొదలయ్యేది. కాలు నేలకు తగిలితే అయిపోయేది. ఒక సైకిలుకు ఒక రోజే, ఒకసారే. మళ్ళీ తొక్కితే అది ఉత్త సైకిలు.

ధాన్యం వ్యాపారి ఒకాయన వచ్చి, అడ్డతొక్కుడు నేర్చుకున్న రోజు కావాలన్నాడు. సీటు అందని పిల్లలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కే తొక్కుడు అది. ఆయన పొట్టకు కడ్డీ కింద చోటెక్కడిది. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టయింది. నలుగురు పట్టుకుని దూర్చారు. నాలుగు బారలు వెళ్ళి పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది. అయినా లేచి, ఎర్రబడిన కళ్ళతో నవ్వుతూ ఇంటికి వెళ్ళాడు.

ఇంకొకడు ఆ రోజున తన సైకిలుకు డైనమో లైటు ఉండేదని గొప్పలు పోయాడు. లేదు. అది పక్కింటివాళ్ళ సైకిలుకు ఉండేది. చెప్పినట్టే చేసి ఇస్తే, ఎక్కి వెళ్ళి పక్కింటివాడి రోజులో పడ్డాడు. పక్కింటి పెద్దాయన చేత తనవి కాని తిట్లు తిని వచ్చాడు.

ఆసుపత్రిలో చేసి మానేసిన నర్సమ్మ ఒకామె, తాను సమయానికి చేరుకున్న ఒక రోజు చెప్పింది. చేరలేని రోజులు ఎన్ని ఉన్నాయో ఆమె చెప్పలేదు. తిరిగి వచ్చి పంచలో గోడకు ఆనుకుని కాసేపు నిలబడి, నీళ్ళు అడిగి తాగి వెళ్ళింది.

ఎవరి రోజైనా చిన్నదే. వీధి చివర రైలు గేటు ఉండేది. గేటు పడితే ఎంతటివాడైనా కాలు కింద పెట్టాల్సిందే.

అలా ఉండగా ఒక ఉదయం అరవై దాటిన మనిషి ఒకాయన నల్ల సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. నడుస్తున్నది ఆయనా, ఆయన్ని నడిపిస్తున్నది సైకిలా అన్నట్టుంది నడక. మోకాళ్ళు వాచి ఉన్నాయి. సైకిళ్ళాయన చూడగానే గుర్తుపట్టాడు.

ఒకప్పుడు ఊరూరా సైకిలు దిగని మనుషులు వచ్చేవాళ్ళు. సంత మైదానంలో గుండ్రంగా సున్నం గీత గీసి, దాని మీద ఏడు రోజులు కాలు కింద పెట్టకుండా తిరిగేవాళ్ళు. తిండి సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే. మంగలి పక్కన నడుస్తూనే గడ్డం గీసేవాడు. మైకులో పాటలు మోగేవి. ఊరంతా చుట్టూ నిలబడి చూసేది. ఆ మనుషుల్లో ఈయన పేరున్నవాడు. పేరున్నవాడనే గాని ఆ పేరు ఎవరికీ తెలియదు. దిగని మనిషి అనే అనేవాళ్ళు. ఈ ఊరికి వచ్చి, ఈ ఊరి అమ్మాయినే పెళ్ళి చేసుకుని, ఇక్కడే పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరి దిగిపోయాడు.

“ఏ రోజు నాటికి?” అన్నాడు సైకిళ్ళాయన.

“ఇక్కడ తొక్కినప్పటి నాలుగో రోజు.”

“ఏడో రోజు గదా దండలు వేశారు. నేనూ చూశాను. నాలుగో రోజు ఏముంది?”

“ఏడో రోజు దిగాలి గదయ్యా” అన్నాడు దిగని మనిషి.

అన్నీ చెప్పాడు. ముందు మడ్‌గార్డు లేదు. గంట ఉంది, మూత లేదు. ఎడమ పెడలుకు ఒక రబ్బరే ఉంది. హ్యాండిల్‌కు ఎర్ర తీగ, చివర విప్పారి ఉంది. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో వయసు తగ్గుతూ వచ్చింది. సైకిళ్ళాయన పదకొండు రోజులు పనిచేశాడు. అంత నిక్కచ్చిగా అంతకు ముందు ఏ సైకిలూ చెయ్యలేదు. ఆ రోజున లేనిది ఒక్క మర కూడా ఉంచలేదు. స్పోకులన్నీ ఒక్కలా పలికాక తానే మురిసిపోయాడు.

దిగని మనిషి సైకిలు తీసుకుని రైలు గేటు వైపు వెళ్ళలేదు. ఆయనేం పిచ్చివాడా. సంత మైదానానికి నడిపించుకు వెళ్ళి, మంగళవారం సంతకు తప్ప ఖాళీగా ఉండే ఆ నేల మీద, సున్నం గీత ఉండే చోట ఎక్కాడు. ఎక్కి గుండ్రంగా తిరగసాగాడు. మోకాళ్ళ వాపు తీసేసినట్టు, వెన్ను నిటారుగా లేచింది.

పొద్దెక్కేసరికి ఊరికి తెలిసింది. తెలిశాక ఊరు ఊరుకుంటుందా. టీ బండి మైదానానికి వచ్చింది. ఎవరో మైకు సెట్టు తెచ్చారు. ఇంకెవరో చుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పాత వాళ్ళు కొత్త వాళ్ళకు దిగని మనిషి గొప్పలు చెప్పారు. ఆయన పెదాలు ఎండుతున్నాయని ఎవరూ చెప్పుకోలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దు.

ఆయన భార్యకు ఎవరో చెబితే తెలిసింది. పొయ్యి మీద కూర దించి వచ్చింది. గట్టు మీద నిలబడి “ఏమయ్యా” అని పిలిచింది. ఆయన ఆమె ముందు నుంచే వెళ్ళాడు. చూడలేదు. కోపం వచ్చి చూడకపోవడం ఆమెకు తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో అది ఎన్నిసార్లు చూసిందో. ఇది అలాంటిది కాదు. ఆయన కళ్ళు ఎదురుగా దేన్నో చూస్తున్నాయి. ఆ చూపులో ఆమె లేదు.

ఆయన ఏమీ తినలేదని, ఇంటికి వెళ్ళి మజ్జిగ చేసి గ్లాసులో తెచ్చింది. గీత దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. ఆయన వంగి అందుకున్నాడు. పక్కన నాలుగడుగులు పరిగెత్తింది. తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆమె నిలబడిపోయింది.

నాలుగో రోజున మజ్జిగ ఇచ్చిన అమ్మాయి ఆమే. అప్పుడు పందొమ్మిదేళ్ళు. నలుగురూ వద్దంటున్నా గ్లాసు పట్టుకుని గీత దాకా వెళ్ళింది. ఆయన ఇలాగే తాగి, ఇలాగే నవ్వాడు. పెళ్ళయ్యాక కూడా నవ్వేవాడు గాని అవి వేరే నవ్వులు. కూర బాగున్నప్పుడు, చుట్టాలు వెళ్ళిపోయినప్పుడు నవ్వే నవ్వులు. ఈ నవ్వు మళ్ళీ వస్తుందని ఆమె ఎదురుచూడడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు వచ్చింది. ఆమె మీదికే వచ్చింది, ఆమెకు కాదు. ఆమెకు తన మీద తనకే అసూయ కలిగింది. అయినా ఇంటికి వెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చింది.

నిజం చెప్పాలంటే మొదటి రోజు ఆయన్ని దింపాలని ఆమెకు అనిపించలేదు. రెండో రోజూ అనిపించలేదు. “ఇదేం చోద్యమే, దిగమని చెప్పవే” అని పొరుగావిడ అంటే, “చెబుతాలే” అని ఇంకో గ్లాసు పట్టుకుంది. ఆమెకూ ఒకటి కావాలి. ఆ నాలుగో రోజు సాయంత్రం, గ్లాసు తిరిగి ఇస్తూ, ఆయన ఆమె పేరు అడిగాడు. నీ పేరేంటి అని. అంతమందిలో, సైకిలు మీద నుంచి వంగి. తర్వాత ఎవరూ ఆమె పేరు అడగలేదు. పెళ్ళయిన ఆడదాన్ని పేరు అడిగేదెవరు. ఫలానావాడి భార్య అంటే సరిపోయేది. ఇంట్లో ఆయన “ఇదిగో” అని పిలిచేవాడు. ఆమె పలికేది.

ఈ రెండు రోజులూ ఆమె ప్రతి చుట్టుకీ ఆ మాట కోసం చూసింది. జవాబు నోట్లో పెట్టుకునే నిలబడింది. ఆయన అడగలేదు. ఆయన సాయంత్రం దాకా వెళ్ళడం లేదని ఆమెకు నెమ్మదిగా అర్థమైంది. అడిగితే ఆ రోజు అయిపోతుంది. అందుకని మధ్యాహ్నంలోనే తిరుగుతున్నాడు. ముందూ వెనకా లేకుండా, అడగబోయే ముందర ఉండే ఆ సంతోషంలోనే తిరుగుతున్నాడు.

మూడో ఉదయం ఆయన చీలమండలు కుండల్లా ఉబ్బి ఉన్నాయి. గ్లాసు సరిగా అందుకోలేకపోయాడు. మజ్జిగ సగం చొక్కా మీద ఒలికింది. అప్పుడూ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఈసారి భయం వేసింది. ఈ మనిషి ఇలాగే నవ్వుతూ చచ్చిపోతాడు అనుకుంది. గ్లాసు పొరుగావిడ చేతిలో పెట్టి తిన్నగా సైకిళ్ళాయన పంచకు వచ్చింది.

“అన్నయ్యా, ఏం చేశావు ఆయన్ని?” అంది.

సైకిళ్ళాయన చేతిలో పని కింద పెట్టాడు. అతనూ రెండు రోజులుగా మైదానానికి వెళ్ళి చూసి వస్తున్నాడు. మొదటి రోజు గర్వంగా వెళ్ళాడు. రెండో రోజు అంత గర్వం లేదు.

“ఆయన అడిగిన రోజు చేసి ఇచ్చానమ్మా. అది తప్పని నాకు తెలియలేదు. ఇప్పుడు టైరులో మేకు గుచ్చితే ఆగిపోతుంది. చెప్పు, వచ్చి గుచ్చుతాను.”

“వద్దు. అది దింపడం కాదు, పడెయ్యడం. మూడు రోజులు ఏం చూశాడో గాని, బతికినన్నాళ్ళూ ఎవరో పడేశారనే గుర్తుంటుంది.”

“మరి ఏం చెయ్యమంటావు?”

ఆమె పంచలో అటూ ఇటూ చూసింది. మూలన తీసేసిన సామాన్ల కుప్ప ఉంది. విరిగిన పెడళ్ళు, తుప్పు పట్టిన గొలుసులు, వంగిన రిమ్ములు. అందులో పైనే, సీటు వెనక మనిషి కూర్చునే క్యారేజీ ఒకటి పడి ఉంది. దాని మీద మడతపెట్టి కుట్టిన పాత చీర ముక్క, అంచు నీలం. ఆమె వంగి దాన్ని బయటికి తీసింది.

“ఇది మా సైకిలుదే.”

“అవునమ్మా. నాలుగో రోజున అది లేదు. అందుకని తీసేశాను.”

“పెళ్ళయిన మూడో నాడు బిగించాడు దీన్ని. నేను కూర్చోడానికి.” చీర ముక్క మీద దుమ్ము దులిపింది. “సినిమాకి దీని మీదే వెళ్ళాను. నొప్పులొస్తే ఆసుపత్రికి దీని మీదే వెళ్ళాను. మా అమ్మ పోయిందని కబురొస్తే దీని మీదే వెళ్ళాను. ఏ దారిలోనైనా నాకు ఎదురుగా కనబడింది ఆయన వీపే.”

సైకిళ్ళాయన తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ పదకొండు రోజుల్లో క్యారేజీ విప్పడానికి పట్టింది ఎంతసేపని. రెండు మరలు.

“నాకూ ఆ రోజు కావాలి” అంది ఆమె. “ఆయనున్న రోజే. నన్ను పంపించు.”

“నువ్వు సైకిలు మీద లేవు గదమ్మా ఆ రోజు.”

“నేల మీద ఉన్నాను.”

“సైకిలుకున్న రోజు తొక్కినవాళ్ళకే వస్తుంది.”

“మరి మజ్జిగ ఇచ్చినవాళ్ళ రోజు ఎవరి దగ్గరుంది?”

ఎంతమందికి ఎన్ని రోజులు తిరిగి ఇచ్చాడో అతనికే లెక్క లేదు. ఈ మాట మాత్రం ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళందరూ తొక్కినవాళ్ళే. పక్కన పరిగెత్తినవాళ్ళు, వెనక పట్టుకున్నవాళ్ళు ఎవరూ అతని పంచకు రాలేదు. వాళ్ళ దగ్గర తేవడానికి సైకిలు లేదు. తన దగ్గరా లేదు. ఆ మాట అతని గుండెలో ఎక్కడో తగిలింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతికి గ్రీజు ఉంది. మోచేత్తో తుడుచుకున్నాడు.

“దీన్ని బిగించు” అంది ఆమె. “ఎక్కుతాను. ఎక్కితే నా కాళ్ళు కూడా నేల మీద ఉండవు గదా. అప్పుడు నాకూ వస్తుందేమో.”

“ఆ రోజుది కానిది పెడితే ఆ రోజు చెడిపోతుందమ్మా.”

“చెడిపోతే ఇద్దరికీ చెడిపోతుంది. పద.”

సైకిళ్ళాయన క్యారేజీ చంకన పెట్టుకున్నాడు. రెంచీ తీసుకుని, మళ్ళీ పెట్టేశాడు. నడిచే సైకిలుకు మరలు బిగించడం ఎవరి వల్లా కాదు. ట్యూబు ముక్కలు గుప్పెడు తీసుకున్నాడు. ట్యూబు ముక్కలతో కట్టిన బండిని చూసి ఇన్నేళ్ళూ నవ్వినవాడు అతనే.

మైదానంలో మైకు మోగుతూనే ఉంది. దిగని మనిషి ఇప్పుడు మనిషి నడిచేటంత నెమ్మదిగా తిరుగుతున్నాడు. సైకిళ్ళాయన గీత మీదికి వెళ్ళి పక్కనే నడవసాగాడు. మొదటి చుట్టులో క్యారేజీని సీటు కింద ఆనించి ఒక ముడి వేశాడు. అది జారింది. మళ్ళీ వేశాడు. క్యారేజీకి ఒక కాలు కట్టేసరికి నాలుగు చుట్లు పట్టింది. రెండోది కట్టడానికి సైకిలుకు అటు పక్కకి మారి, వెనక్కి నడుస్తూ కట్టాడు. చిన్నప్పుడు పరిగెత్తిన పరుగు అంతా కాళ్ళకు గుర్తొచ్చింది. జనం ఇదేదో కొత్త ఫీటు అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆఖరి ముడి బిగిసినప్పుడు దిగని మనిషి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఏదో మరిచిపోయి బయల్దేరినవాడు చూసినట్టు చూశాడు. మళ్ళీ ముందుకు తిరిగాడు.

“కానివ్వమ్మా” అన్నాడు సైకిళ్ళాయన రొప్పుతూ.

ఆమె చెంగు నడుముకు బిగించి గీత మీదికి వచ్చింది. సైకిలు పక్కగా వచ్చేసరికి దానితో పాటు నడిచింది. తర్వాత పరిగెత్తింది. యాభై ఏడేళ్ళ మనిషి, చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు పోయాయి. క్యారేజీ పట్టుకుంది. ఎగిరి కూర్చోవాలని చూసింది. కాలు లేవలేదు. ఇంకో చుట్టు పరిగెత్తింది. చెయ్యి క్యారేజీ మీదే ఉంది, ఒళ్ళు నేల మీదే ఉంది. కదిలే సైకిలు ఎక్కడం ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు. జనంలో కొందరు నవ్వారు. కొందరు నవ్వేవాళ్ళను కసిరారు.

మూడో చుట్టులో ఆమెకు ఊపిరి అందలేదు. మైకు, జనం, మైదానం ఏవీ కనబడలేదు. ఎదురుగా ఆ వీపు ఒకటే కనబడింది. ఎక్కాలి, అంతే అనుకుంది. ఆయన్ని దింపాలన్న ఆలోచన ఆమెకు ఆ క్షణంలో లేనే లేదు. ఎప్పుడూ అనే మాట, కూరల సంచీతోనో పిల్లతోనో అలిసిపోయి ఉన్నప్పుడు అనే మాట, దానంతట అది నోట్లోంచి వచ్చేసింది.

“ఏమయ్యో, ఆగు. ఎక్కుతున్నా.”

ఆయన ఎడమ కాలు నేల మీద ఆనింది.

ఆయన ఆనించలేదు. ఏడు రోజుల పాటు ఎండకూ వానకూ నిద్రకూ కిందికి రాని కాలు, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ మాటకు కిందికి వస్తూనే ఉన్న కాలు, ఆ మాటకే వచ్చింది. సైకిలు ఆగింది. మైకు ఎవరో ఆపేశారు. లెక్కపెడుతున్నవాడు నోరు తెరుచుకుని అలాగే ఉన్నాడు.

దిగని మనిషి కింద ఉన్న తన కాలి వైపు చూసుకున్నాడు. ఎవరిదో కాలిని చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు. నిటారుగా ఉన్న వెన్ను నెమ్మదిగా వంగింది. మోకాళ్ళ నొప్పి మూడు రోజులదీ ఒకేసారి వచ్చింది. హ్యాండిల్ మీద చేతులు ఆనించి గట్టిగా ఊపిరి తీశాడు.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తను ఏం చేసిందో అప్పుడు తెలిసింది. ఆయన రోజు, మళ్ళీ రానిది, తన నోటి మాటతో తనే ముగించింది. ఏడుపు ఆగలేదు.

“దించుదామని కాదు” అంది. “అలవాటుగా అన్నాను. నేనూ వద్దామనే అన్నాను.”

ఆయన వెనక్కి తిరిగాడు. తల వెంట్రుకలు రేగిపోయి, ముఖం చెమటతో, చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. ఆయన చూపు ఆమె మీద ఆగింది. మూడు రోజుల్లో మొదటిసారి, ఇంకా చెప్పాలంటే చాలా ఏళ్ళలో మొదటిసారి, ఆమెను దాటి వెళ్ళకుండా ఆగింది.

“మజ్జిగ ఇచ్చే అమ్మాయి ఇక్కడే నిలబడి ఉంది” అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. “ఇంకో చుట్టు ఉంటే పేరు అడుగుదామనుకున్నా.”

“ఎన్ని చుట్లు అనుకుంటావయ్యా? మూడు రోజులు నిలబడింది అది.”

“అడిగితే అయిపోతుందని భయం వేసింది.”

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది.  సైకిళ్ళాయన కాస్త దూరం జరిగి, చేతిలో మిగిలిన ట్యూబు ముక్కలు చూసుకుంటూ నిలబడ్డాడు. 

దిగని మనిషి రెండో కాలు కూడా కింద పెట్టాడు.  ఊరందరి ముందు, ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషిని అడిగాడు.

“నీ పేరేంటి?”

ఆమె ఆయన వంక చూసింది. మూడు రోజులుగా నోట్లో పట్టుకున్న జవాబు పెదాల దాకా వచ్చింది. అక్కడే ఆపుకుంది. సైకిలు ఆగి ఉంది కాబట్టి, చీర సర్దుకుని, తాపీగా క్యారేజీ మీద ఒక పక్కకి కూర్చుంది. ట్యూబు ముడులు కిర్రుమన్నాయి. చెయ్యి ఆయన నడుము మీద వేసింది.

“ముందు పోనీ” అంది. “దారిలో చెబుతాలే.”